కావలిలో ఎనిమిదో తరగతి పాపకు ఫ్రెంచా, జర్మనా, జపనీసా?

మీ పాప వచ్చే ఏడాది తొమ్మిదికి వస్తుందని, స్కూల్లో ఫ్రెంచ్, జర్మన్, జపనీస్‌లో ఒకటి తీసుకోమన్నారని, ఉద్యోగానికి ఏది పనికొస్తుందో చెప్పమని అడిగారు. మాదీ కావలే. నేను స్కూల్లో ఫ్రెంచ్ చదివాను, ఇప్పుడు జపనీస్ మీద బతుకుతున్నాను. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు స్కూలుకి వెళ్ళి, ఆ భాష చెప్పేది ఎవరో, పిల్లల చేత మాట్లాడిస్తారో లేదో కనుక్కోండి.

నేను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా అత్త వాళ్ళింట్లో ఉండి సీబీఎస్ఈ స్కూల్లో చదివాను. ఫ్రెంచ్ తీసుకో, మార్కులు పడతాయి అని సీనియర్లందరూ చెప్పారు. పడ్డాయి కూడా, పదో తరగతిలో 90 దాటాయి. కానీ రెండేళ్ళలో ముగ్గురు టీచర్లు మారారు. చివరికి వచ్చినావిడ ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు రాయించి బట్టీ పట్టించారు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ఒక ఇంటర్వ్యూలో, రిజ్యూమ్‌లో ఫ్రెంచ్ అని చూసి, మీ ఊరి గురించి ఫ్రెంచ్‌లో చెప్పమన్నారు. నా నోట ఒక్క వాక్యం రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. తప్పు ఫ్రెంచ్‌ది కాదు. నేను ఆ భాషలో రెండేళ్ళూ రాయడం తప్ప నోరు తెరిచింది లేదు.

ఆ తర్వాత ఇంట్లోనే ఆన్‌లైన్‌లో జపనీస్ మొదలుపెట్టాను. మొదటి నెలలోనే ఆశ్చర్యపోయాను. 'ఇంటి నుంచి బడికి వెళ్తాను' అనేదాన్ని వాళ్ళు 'ఉచి కరా గక్కో ని ఇకిమసు' అంటారు. ఉచి ఇల్లు, కరా నుంచి, గక్కో బడి, ని అంటే కి, చివర వెళ్తాను. మాటల వరుస అచ్చం మనదే. 'నేను' అనేది వదిలేసినా సరిపోతుంది, అదీ మనలాగే. 'తిని వెళ్ళాను' అంటే 'తబెతే ఇకిమషిత'. ఇంగ్లీషులో ఆలోచించి జపనీస్‌లోకి మార్చేవాళ్ళు ఇక్కడ చాలా తికమకపడతారు, తెలుగులో ఆలోచిస్తే ఆ ఇబ్బంది తగ్గిపోతుంది.

కష్టం రాతలో ఉంది. హిరగానా, కతకానా అని రెండు లిపులు, ఒక్కోదాంట్లో 46 అక్షరాలు. అవి నెలలో వచ్చేస్తాయి. వాటి మీద కంజీ ఉంటుంది, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు. రోజువారీ వాడకానికి వాళ్ళ ప్రభుత్వ జాబితాలోనే 2,136 ఉన్నాయి. రోజూ అరగంట కూర్చుని రాసే ఓపిక లేని పిల్లలకు ఇది బరువవుతుంది.

జర్మన్ గురించి నాకు తెలిసింది మా పెద్దమ్మ కూతురి ద్వారానే. ఒంగోల్లో నర్సింగ్ చదివి, జర్మన్ బీ2 స్థాయి దాకా (ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లు, బీ2 నాలుగోది) నేర్చుకుని జర్మనీ వెళ్ళింది. జర్మన్‌లో 'అమ్మాయి' అనే మాట నపుంసకలింగం. 'అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది' అనుకునే మనకు అది వింతగా అనిపించదు. బల్ల పుంలింగం, తలుపు స్త్రీలింగం అనేవి మాత్రం ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకోవాల్సిందే. పాప నర్సింగ్ వైపో, జర్మనీలో పై చదువు వైపో వెళ్ళాలనుకుంటే ఇదే మంచిది. కాకపోతే స్కూల్లో వచ్చేది ఏ1, బాగా చెబితే ఏ2. అక్కడి నుంచి బీ2కి ఇంకా చాలా దూరం ఉంటుంది.

ఉద్యోగాలంటారా, మనకు దగ్గర్లో తడ దాటగానే శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి. నేను పనిచేసేదీ ఆ వైపే. జపాన్ నుంచి వచ్చిన ఇంజినీరు చెప్పింది మన ఆపరేటర్లకు తెలుగులో చెబుతాను, వాళ్ళ ఇబ్బంది ఆయనకు జపనీస్‌లో చెబుతాను. జపనీస్ పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయిలు, ఎన్5 అన్నిటికంటే కిందిది. ఎన్3 పాసయ్యాకే ఈ పని దొరికింది. ఎన్5 సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో ఉంటే ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకొకటి తప్పకుండా అడగండి. తొమ్మిదిలో ఇంగ్లీషు, ఫ్రెంచ్ తీసుకోవడంతో నాకు తెలుగు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు ఆఫీసులో తెలుగులో నోటీసు రాయాలంటే టెన్షన్ పడుతున్నాను. మీ పాపకు తెలుగు వదలకుండా ఈ భాష కూడా చదివే వీలుందేమో చూడండి. లేకపోతే స్కూల్లో తెలుగే ఉంచి, విదేశీ భాష బయట నేర్పించండి. నేను నేర్చుకున్నది అలాగే కదా.

జపనీస్ పరీక్ష జూలై, డిసెంబరు మొదటి ఆదివారాల్లో ఉంటుంది, మనకు దగ్గరి సెంటర్ చెన్నై. నేనూ నాన్నా ముందురోజే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి అక్కడే ఉండేవాళ్ళం. పాప మొదటి పరీక్షకు మీరూ అలాగే శనివారం బయల్దేరండి.