బీపీ 140/90 దాటాక ప్రాణాయామం: ఏది చేయాలి, ఏది ఆపాలి

మీరు అడిగినవి రెండు. గర్భం 28వ వారంలో బీపీ రెండుసార్లు 140/90 దాటింది, డాక్టర్ లాబెటలాల్ అనే బీపీ మాత్ర రాశారు. రోజూ ప్రాణాయామం చేస్తే ఆ మాత్ర మానేయొచ్చా? గర్భానికి ముందు నుంచీ అలవాటున్న కపాలభాతి (పొట్టను కుదుపుతూ వేగంగా గాలి వదలడం), కుంభకం (ఊపిరి బిగబట్టడం) కొనసాగించొచ్చా? రెండింటికీ జవాబు వద్దనే. అలాగని ప్రాణాయామాన్నే పక్కన పెట్టక్కర్లేదు.

ముందు మాత్ర సంగతి. నిమిషానికి ఆరేడుసార్లకు మించకుండా నెమ్మదిగా ఊపిరి తీస్తే మెడలోని ధమనుల్లో, గుండె పైన బృహద్ధమనిలో పీడనాన్ని కనిపెట్టే నాడీ కొసలు మరింత చురుగ్గా స్పందిస్తాయి. గుండె వేగం తగ్గుతుంది, రక్తనాళాల బిగువు కాస్త సడలుతుంది. కంగారు, నిద్రలేమి, ఆసుపత్రి భయం వల్ల పెరిగిన బీపీ దీనితో కొంత దిగుతుంది. కానీ 20 వారాలు దాటాక కొత్తగా మొదలయ్యే బీపీకి మూలం చాలామందిలో మావి (ప్లాసెంటా) దగ్గర ఉంటుంది. మావికి రక్తం తెచ్చే ధమనులు వెడల్పు కావాల్సినంత కావు. అక్కడి నుంచి తల్లి రక్తంలోకి చేరే పదార్థాలు ఒళ్లంతా రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. దాన్ని ఏ ప్రాణాయామమూ సరిచేయలేదు. బీపీ నిలకడగా తగ్గుతూ వస్తే మోతాదు తగ్గించేది డాక్టరే. అంతవరకు ఒక్క పూట కూడా మానకండి.

కుంభకం ఎందుకు వద్దంటే, గర్భిణి శరీరం మామూలు కంటే సుమారు 20 శాతం ఎక్కువ ఆక్సిజన్ వాడుతుంది. గర్భాశయం పెరిగి విభాజక పటలాన్ని (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరాన్ని) నెలలు నిండేసరికి దాదాపు 4 సెంటీమీటర్లు పైకి నెడుతుంది. అంటే ఖర్చు పెరిగింది, ఊపిరితిత్తుల్లో నిల్వ తగ్గింది. ఇదివరకు హాయిగా 20 సెకన్లు బిగబట్టినవారికి ఇప్పుడు పదికే ఊపిరి ఆడనట్టు అనిపించడంలో వింతేం లేదు. దానికి మూలబంధమో (కటి అడుగు కండరాలను బిగించడం) ఉడ్డీయానబంధమో (పొట్టను లోపలికి లాక్కోవడం) తోడైతే ముక్కినట్టే. ముక్కినప్పుడూ, వదిలినప్పుడూ బీపీ ఎగిరిపడుతుంది. కపాలభాతిలో, భస్త్రికలో (కొలిమి తిత్తిలా బలంగా, వేగంగా ఊపిరి తీసి వదలడం) పొట్ట కుదుపులు ఒక ఇబ్బందైతే, గర్భంలో ముందే తగ్గి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇంకా పడిపోవడం మరొకటి. కళ్లు తిరగడం, పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి అందుకే వస్తాయి. "శుద్ధి జరుగుతోంది" అని ఎవరైనా చెప్పినా నమ్మకండి.

ఇక చేయదగినవి. వీపుకు ఆసరా ఉన్న కుర్చీలో పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. వెల్లకిలా పడుకుని చేయొద్దు. 20 వారాల తర్వాత గర్భాశయం బరువు వెన్ను పక్కనున్న పెద్ద సిరను నొక్కి, గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. చివర్లో శవాసనం బదులు ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. భోజనమైన రెండు గంటల తర్వాత మంచిది. అలాగని పూర్తిగా ఖాళీ కడుపుతోనూ వద్దు.

మొదటి రెండు నిమిషాలు ఊపిరిని ఊరికే గమనించండి. తర్వాత ముక్కుతో మూడు లెక్కల పూరకం (పీల్చడం), నాలుగు లెక్కల రేచకం (వదలడం). ఇబ్బంది లేకపోతే వారం తర్వాత నాలుగు, ఆరు. లెక్క సెకనుకొకటి చొప్పున పడితే ఒక శ్వాసకు పది సెకన్లు, నిమిషానికి ఆరు. పది నిమిషాలు చాలు, రోజుకు రెండుసార్లు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: నెమ్మదిగా అంటే నిండుగా అనుకుని ఛాతీ ఉబ్బించి గాలి లాగుతారు. గాలి పరిమాణం మామూలుగానే ఉండాలి, వేగమే తగ్గాలి. మధ్యలో ఆవులింతలా పెద్ద ఊపిరి తీసుకోవాలనిపిస్తే లెక్క మీకు ఎక్కువైందని అర్థం. మళ్లీ మూడు, నాలుగుకు రండి.

నాడీశోధన, అంటే ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీయడం, కుంభకం లేకుండా చేయొచ్చు. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు మడిచి, బొటనవేలితో కుడి ముక్కును, ఉంగరపు వేలితో ఎడమ ముక్కును మూయాలి. ఎడమతో పీల్చి కుడితో వదలడం, కుడితో పీల్చి ఎడమతో వదలడం కలిస్తే ఒక ఆవృతి. నాలుగు, ఆరు లెక్కలో తొమ్మిది ఆవృతులకు మూడు నిమిషాలు పడుతుంది. మోచేయి గాల్లో వేలాడితే భుజం బిగుసుకుంటుంది, కింద దిండు పెట్టుకోండి. గర్భంలో చాలామందికి జలుబు లేకున్నా ముక్కు దిబ్బడ వేస్తుంది. అలాంటి రోజు నాడీశోధన మానేసి మామూలు నెమ్మది శ్వాసే చేయండి. ముక్కు తెరుచుకోవాలని దిబ్బడ మందులు మాత్రం అడగకుండా వాడొద్దు, వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి. ఉప్పునీటి చుక్కలు ఫర్వాలేదు. భ్రామరి (తుమ్మెదలా సన్నగా ఝుమ్మంటూ గాలి వదలడం) ఐదారుసార్లు, పక్కవారికి వినిపించీ వినిపించనంత మెత్తగా. చివరి చుక్క గాలి దాకా పిండొద్దు.

అసలు జాగ్రత్త బీపీ కొలిచే దగ్గర కావాలి. ప్రాణాయామం అవగానే కొలిస్తే అంకె కొంచెం తక్కువ వస్తుంది, కాసేపటికి మళ్లీ పైకెళ్తుంది. ఆ తక్కువ అంకెలే రాసుకెళ్తే డాక్టర్ మోతాదు పెంచాల్సిన చోట ఊరుకునే ప్రమాదం ఉంది. కాబట్టి సాధనకు ముందే కొలవండి. మూత్రానికి వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసుకోకుండా, చేయి గుండె ఎత్తులో బల్లమీద ఆనించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. అంతకుముందు అరగంటలో కాఫీ, టీ వద్దు. చేతికి చుట్టే పట్టీ (కఫ్) చిన్నదైతే లేని బీపీ కనిపిస్తుంది. మిషన్ గర్భిణులకు సరిగ్గా చూపుతుందని పరీక్షించిన రకమై ఉండాలి, ఎందుకంటే ప్రీఎక్లాంప్సియాలో (గర్భంలో బీపీ పెరిగి ఇతర అవయవాలనూ దెబ్బతీసే స్థితి) కొన్ని మిషన్లు ఉన్నదానికంటే తక్కువ చూపుతాయి. దాన్ని ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లి అక్కడి దానితో పోల్చి చూసుకోండి.

పై అంకె 160 గానీ కింది అంకె 110 గానీ చేరితే ప్రాణాయామంతో దించే ప్రయత్నం చేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అంకె ఎంతున్నా సరే, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, మసక, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ఆయాసం, ముఖానికీ చేతులకీ హఠాత్తుగా వాపు, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అంతే. ఆ పొట్ట పైభాగం నొప్పిని గ్యాస్ అనుకుని ఆలస్యం చేసేవారు చాలామంది. ఫిట్స్, అంటే గుర్రపువాతం, దాకా వెళ్లకుండా ఆపగలిగే సమయం అదే.

లాబెటలాల్‌తో లేచి నిలబడగానే కొందరికి బీపీ పడిపోయి తూలుతుంది. సాధన ముగిశాక పక్కకు తిరిగి, ఒక నిమిషం కూర్చుని, అప్పుడు లేవండి. కాన్పు కాగానే కొలవడం ఆపేయకండి, బీపీ తరచుగా 3 నుంచి 6 రోజుల మధ్య అన్నిటికంటే ఎక్కువ చూపుతుంది. ఆ వారంలో కూడా నెమ్మది శ్వాసే చేయండి. కపాలభాతి మళ్లీ మొదలుపెట్టే విషయం ఆరు వారాల పరీక్షలో అడగండి.