ఒకే బ్యాంకు ఖాతాలో మూడు గ్రాంట్లు: ఏ సొమ్ము ఎవరిదో తేలేదెలా?

మీ స్వచ్ఛంద సంస్థకు మూడు గ్రాంట్లు (ఫలానా పనికే అని దాతలిచ్చిన సొమ్ము), ఒకే బ్యాంకు ఖాతా, ఒక ఎక్సెల్ షీటు. ఏ గ్రాంటులో ఎంత మిగిలిందో తేలడం లేదు, మూడు ఖాతాలు తెరవాలా అని అడిగారు. దాత ఒప్పందంలో గానీ, విదేశీ విరాళాల చట్టం లాంటి నిబంధనల్లో గానీ విడి ఖాతా ఉండాలని రాసి ఉంటే తప్ప అక్కర్లేదు. ఖాతాలు పెరిగితే అద్దె లాంటి ఉమ్మడి ఖర్చుల కోసం వాటి మధ్య డబ్బు తిప్పడం మొదలవుతుంది. లెక్క తప్పేది ఆ తిప్పుడులోనే.

మీ షీటులో లోటు 'నిధి' అనే కాలమ్. ప్రతి పద్దుకూ రెండు గుర్తులు కావాలి: దేనికి ఖర్చయింది (జీతం, అద్దె, ప్రయాణం), ఎవరి సొమ్ములోంచి పోయింది (ఏ పనికైనా వాడుకోగల సాధారణ నిధి, గ్రాంటు 1, 2, 3). చాలామంది 'గ్రాంటు 1 జీతాలు', 'గ్రాంటు 2 జీతాలు' అంటూ ఖర్చు పద్దులనే చీలుస్తారు. ఏడాది తిరిగేసరికి అవి పుట్టలా పెరిగి, మొత్తం జీతాలెంత అంటే ఎవరూ చెప్పలేరు. కాలమ్ వేరుగా ఉంటే ఒక్క పివట్ టేబుల్‌తో (పద్దులను కోరినట్టు కూడి చూపే ఎక్సెల్ పట్టిక) రెండు లెక్కలూ వస్తాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ వాడితే, ట్యాలీలో ఈ పని కాస్ట్ సెంటర్లు చేస్తాయి, క్విక్‌బుక్స్‌లో క్లాసులు.

ఇక అసలు సంగతి. బ్యాంకులో 5,00,000 ఉందనుకోండి. మూడు గ్రాంట్లలో ఖర్చు కానివి 2,00,000, 1,50,000, 80,000. అంటే మీరు స్వేచ్ఛగా వాడగలిగింది 70,000 మాత్రమే. అద్దె, కరెంటు, ఆఫీసు జీతం కలిపి ఈ నెల 90,000 అయితే, 20,000 దాతల సొమ్ములోంచి చేబదులు తీసుకున్నట్టే. సాధారణ నిధి మైనస్‌లో పడితే పడనివ్వండి, కమిటీకి అలాగే చూపించండి. దాన్ని కప్పడానికి ఖర్చును గ్రాంటులోకి నెడుతూ నెలాఖరున జర్నల్ ఎంట్రీ (డబ్బు కదలకుండా పుస్తకాల్లో మాత్రమే చేసే సర్దుబాటు) వేశారా, ఆడిటర్ కన్ను సరిగ్గా అక్కడే పడుతుంది.

ఉమ్మడి జీతాలను బడ్జెట్‌లో రాసుకున్న శాతం ప్రకారం పంచితే నిలవదు. పని గంటలు రాయించండి. 160 గంటల్లో 96 గ్రాంటు 1కి పడితే జీతంలో 60 శాతం అక్కడికి. అద్దెకూ ఇదే కొలత చాలు, కానీ పద్ధతిని కాగితం మీద రాసిపెట్టి ఏడాదంతా మార్చకండి.

ఆన్‌లైన్ విరాళాల్లో ఒక మెలిక ఉంది. దాత 1,000 ఇస్తే, చెల్లింపు జరిపే కంపెనీ రుసుము, ఉదాహరణకు 20, పోయి 980 జమవుతుంది. 980 రాసి ఊరుకుంటే మీరిచ్చిన 1,000 రశీదుతో లెక్క కలవదు. ఆదాయం 1,000, ఖర్చు 20 అని రెండూ రాయాలి. అలాగే సిబ్బందికిచ్చిన అడ్వాన్సు ఖర్చు కాదు, బిల్లులు వచ్చేదాకా వాళ్ల పేరు మీద బాకీయే.

బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటం నెలకోసారి తప్పదు. చెక్కులు రాసే మనిషి, సరిచూసే మనిషి ఒకరే కాకూడదు. ఇంకా చెల్లింపు కాని చెక్కులు తీసేశాక కూడా తేడా మిగిలితే దాన్ని 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయేమో వెతకండి: 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900.