జీఐఎస్ కొనేముందు ఏం తేల్చుకోవాలి?

"అనంతపురంలో చెరువులు, బోర్ల మీద పనిచేసే చిన్న సంస్థ మాది. జీఐఎస్‌కు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని అడిగారు. జీఐఎస్ అంటే పటాలనూ, ఆ చోట్ల వివరాలనూ కలిపి చూపే కంప్యూటర్ వ్యవస్థ.

సాఫ్ట్‌వేర్ సంగతి చివరికి పెట్టండి. 1960లలో కెనడాలో తొలి జీఐఎస్ రూపొందించిన రోజర్ టామ్లిన్సన్ చెప్పిన పద్ధతి ఇది: చేతికి ఏ పటం, ఏ పట్టిక రావాలో ముందు తేల్చుకోవాలి, మిగతాది దాన్నిబట్టి.

ఊళ్లు తిరిగే మీ సిబ్బందిని కూర్చోబెట్టి అడగండి. పటం లేక ఏ నిర్ణయం దగ్గర ఆగిపోతున్నారు? "ఎండిన బోర్లు ఏ వంక పక్కన ఉన్నాయో తెలియాలి" అంటే అది పనికొచ్చే జవాబు. "జిల్లా అంతా కావాలి" అంటే మళ్లీ అడగండి. ఆ పటం ఎవరు చూస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు మార్చాలి అన్నదీ రాసుకోండి.

తర్వాత డేటా. అసలు శ్రమంతా ఇక్కడే. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) నేల మీద 10 మీటర్ల చదరం. ఎకరా శెనక్కాయ చేనుకు సుమారు 40 గళ్లు వస్తాయి. ల్యాండ్‌శాట్ అనే మరో ఉపగ్రహం చిత్రాల్లో గడి 30 మీటర్లు కాబట్టి నాలుగైదే వస్తాయి. చిన్న కమతాలకు అది చాలదు. ఇంకోటి, తప్పకుండా చూడండి: 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. పాత హద్దుల లెక్కలను కొత్త పటం మీద అలాగే వేస్తే తప్పులొస్తాయి.

మొదలుపెట్టడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. మిగిలిన డబ్బు ఇద్దరి శిక్షణకు పెట్టి, ముందు ఒక్క ఊరి బోర్లు గుర్తించి చూడండి.