చల్లారిన లావా మీద నడక: హవాయికి వెళ్లే కొత్తవారికి

అమెరికాకు కొత్తగా వచ్చి, సెలవులకు హవాయి పెద్ద దీవికి బయలుదేరేవారు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: హవాయి వోల్కనోస్ నేషనల్ పార్కులో ఉన్న కిలవేయా ఇకి అనే అగ్నిపర్వత బిలంలోని లావా ఏనాడో గడ్డకట్టింది కదా, బాట వదిలి నచ్చిన చోట తిరిగితే తప్పేమిటి? దయచేసి ఆ పని చేయవద్దు. ఆ నేల సంగతి తెలిస్తే మీకే వెళ్లబుద్ధి కాదు.

1959లో అక్కడ లావా 1,900 అడుగుల ఎత్తుకు చిమ్మింది. బిలంలో నిండిన లావా మడుగు పైన త్వరగానే పెంకు కట్టినా, అడుగుదాకా గట్టిపడడానికి మూడు దశాబ్దాలు దాటింది. లోపలి రాయి ఇప్పటికీ వేడిగానే ఉంది. వాన నీరు పగుళ్లలోకి దిగి, ఆ వేడికి ఆవిరై పైకి వస్తుంది. చూడడానికి పల్చటి పొగలా ఉన్నా ఆ ఆవిరి చర్మాన్ని కాల్చగలదు కాబట్టి, పిల్లలను పగుళ్ల దగ్గరకు పోనివ్వకండి. లావా చల్లారుతూ కుంచించుకుపోయి పలకలు పలకలుగా విడింది. కొన్ని పలకల కింద డొల్ల ఉంటుంది. పైకి గట్టిగా కనిపించేదే కాలు మోపగానే విరగవచ్చు, పడితే గాజు పెంకుల్లాంటి అంచులు అరచేతులను చీరేస్తాయి. అందుకే దారి పొడవునా రాళ్లు పేర్చి గుర్తులు పెట్టారు. మబ్బు కమ్మినప్పుడు తరువాతి గుర్తు కంటపడ్డాకే ముందుకు కదలండి. సరదాకైనా మీరు కొత్తగా రాళ్లు పేర్చకండి, వెనక వచ్చేవారు దారి తప్పుతారు.

చుట్టు బాట మొత్తం 3.3 మైళ్లు; సుమారు 400 అడుగులు దిగి, మళ్లీ అంతా ఎక్కాలి. తీరంలో ఎండ కాస్తున్నా, నాలుగు వేల అడుగుల ఎత్తున్న ఈ చోట చలి, వాన మామూలే కనుక, వేళ్లు కప్పే గట్టి బూట్లు, నిండు ప్యాంటు, వాన కోటు, సరిపడా మంచినీళ్లు తప్పనిసరి. పక్కనే ఉన్న హలేమౌమౌ బిలం 2024 డిసెంబరు నుంచి విడతలు విడతలుగా లావా చిమ్ముతోంది. గాలి ఇటు తిరిగితే గంధక వాయువు వస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే బయలుదేరే ఉదయమే పార్కు వారి గాలి సమాచారం చూసి, బాగా లేకపోతే నడక మానుకోండి. టికెట్లు కొన్నాం కదా అని మొండికేయడం తగదు.

హవాయి ప్రజలకు ఆ నేల ‘పేలే’ అనే అగ్నిపర్వత దేవత నివాసం. ఒక్క రాయి కూడా తెచ్చుకోకూడదు. పార్కు నిబంధనలూ దానిని నిషేధించాయి. ఓహియా చెట్లను చంపే తెగులు మట్టితోనూ పాకుతుంది కాబట్టి, బాట మొదట్లో ఉంచిన బ్రష్షుతో బూట్ల అడుగులు శుభ్రంగా రుద్దుకోండి.

మిమ్మల్ని చూడడానికి వచ్చిన అమ్మానాన్నలు మోకాళ్ల నొప్పులతో ఉంటే బిలంలోకి దింపకండి. 1959లో ఎగిరిపడిన లావా రాళ్లు పూడ్చివేసిన అడవి గుండా వెళ్లే డెవాస్టేషన్ ట్రయిల్ చదునుగా, తారు వేసి ఉంటుంది; ఒకవైపుకు అర మైలే.