ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివితే సోలార్, ఎకనామిక్స్ దారులు మూసుకుపోతాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ ఆనర్స్ రెండో సంవత్సరం, మైనర్ మ్యాథ్స్. తనకు రీసెర్చ్ చేయాలని ఉంది. మాకు దగ్గర్లోనే పెద్ద సోలార్ పార్క్ ఉంది కాబట్టి, ఆరు నెలల సోలార్ కోర్సు ఏదైనా చేయిస్తే త్వరగా స్థిరపడుతుందని నా ఆలోచన. ఎకనామిక్స్‌కి మార్చమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కే పంపండి. ఫిజిక్స్ గొప్పదనో, మిగతావి తక్కువనో కాదు. ఫిజిక్స్ చదివి సోలార్‌లోకి వెళ్లొచ్చు, ఎకనామిక్స్‌లోకీ వెళ్లొచ్చు. అటు వెళ్లాక మళ్లీ ఫిజిక్స్‌కి రావడం మాత్రం దాదాపు కుదరదు. రెండో ఏడాదిలో ఉన్న పిల్లకి ఇప్పుడే తలుపులు మూయడం దేనికి?

ఇక మీ సోలార్ కోర్సు సంగతి. మీ దగ్గరి గని–శకునాల సోలార్ పార్క్ వెయ్యి మెగావాట్లది, నిజమే. కానీ ప్లాంట్ కట్టేటప్పుడు ఉన్నంత పని కట్టాక ఉండదు. తర్వాత మిగిలేది ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయించడం, కాపలా, కొద్దిమంది ఇంజినీర్లు. ఆరు నెలల కోర్సులు ఎక్కువగా ప్యానెళ్లు బిగించే పనికి సంబంధించినవి. సూర్యమిత్ర లాంటి ప్రభుత్వ శిక్షణ కూడా ఐటీఐ, డిప్లొమా పిల్లల్ని దృష్టిలో పెట్టుకున్నదే. మీ అమ్మాయి అక్కడికి వెళితే ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాళ్లతో పోటీ పడాలి. ఆ పోటీలో వాళ్లదే పైచేయి. ‘జాబ్ గ్యారంటీ’ అని బోర్డు పెట్టిన చోట ఫీజు కట్టే ముందు, పోయినేడాది చేరినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి.

అయితే సోలార్‌లో ఫిజిక్స్ వాళ్ల కోసమే అన్నట్టున్న పని ఒకటుంది, టెస్టింగ్. దీని గురించి మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్యానెల్ వెనక 550 వాట్లు అని స్టిక్కర్ ఉంటుంది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు, లోపలి సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క అది. మే నెల మధ్యాహ్నం నంద్యాలలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందనుకోండి. సిలికాన్ ప్యానెల్ సామర్థ్యం డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. 40 డిగ్రీలు పెరిగితే 14 శాతం పోయినట్టు. 550 కాస్తా 473 అవుతుంది. స్టిక్కర్ అబద్ధం చెప్పలేదు, రాయలసీమ ఎండ గురించి చెప్పలేదంతే.

ల్యాబ్‌లో ఇంకా కఠినమైన పరీక్షలుంటాయి. మైనస్ 40 డిగ్రీలకు చల్లార్చి, 85 డిగ్రీలకు వేడిచేసి, ఇలా 200 సార్లు చేస్తారు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచుతారు. వడగళ్లకు తట్టుకుంటుందా అని 25 మిల్లీమీటర్ల మంచు ఉండలతో కొడతారు. చీకటి గదిలో ప్యానెల్‌లోకి కరెంటు పంపి, అది వెదజల్లే పరారుణ కాంతిని కెమెరాతో పడితే, కంటికి కనపడని పగుళ్లు నల్లటి గీతల్లా బయటపడతాయి. సెమీకండక్టర్ పాఠం అర్థమైనవాళ్లకి ఆ ఫొటో చదవడం మహా సరదాగా ఉంటుంది.

ఇలాంటి పని గురుగ్రామ్ దగ్గరి జాతీయ సౌరశక్తి సంస్థలో, బెంగళూరులోని ప్రైవేటు టెస్టింగ్ ల్యాబుల్లో, ప్యానెళ్లు తయారుచేసే ఫ్యాక్టరీల క్వాలిటీ విభాగాల్లో జరుగుతుంది. బీఎస్సీతో వెళితే టెక్నీషియన్. ఎమ్మెస్సీతో, ఆ తర్వాత గేట్ రాసి ఎనర్జీలో ఎంటెక్ చేసి వెళితే, పరీక్ష ఎలా చేయాలో తేల్చేవాళ్లలో ఒకరు. కొత్త పదార్థాల మీద పనిచేయాలంటే హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధన సంస్థ), తార్నాకలోని ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ) ఉన్నాయి. అక్కడ మాత్రం పీహెచ్‌డీ బాట తప్పదు.

మీ బావమరిదిగారి మాటనీ కొట్టిపారేయను. 2010 డిసెంబరులో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో ప్యానెళ్ల కరెంటుకు అతి తక్కువ ధర యూనిట్‌కు రూ. 10.95. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో అది రూ. 2.44కి దిగింది. ప్యానెల్ చవక కావడం సగం కారణమే. అప్పు మీద వడ్డీ ఎంత, కరెంటు కొనేవాడు సకాలంలో డబ్బిస్తాడన్న నమ్మకం ఎంత అన్నవి కూడా ఆ ధరలోనే ఉన్నాయి. పది శాతం వడ్డీ లెక్కన 25 ఏళ్ల తర్వాత చేతికొచ్చే రూపాయి విలువ ఈరోజు తొమ్మిది పైసలే. ప్యానెల్ ఏటా అర శాతం అరుగుతుందా, ఒక శాతమా అని ల్యాబ్‌లో తేలిన అంకె, చివరికి ఇలాంటి లెక్కలోకే వచ్చి కూర్చుంటుంది. రెండు వైపులా తెలిసినవాళ్లు తక్కువ.

పైగా ఎకనామిక్స్‌కి ఇప్పుడే మారనక్కర్లేదు. ముంబైలోని ఇందిరా గాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ (ఐజీఐడీఆర్) ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌కి ఫిజిక్స్ డిగ్రీ వాళ్లనీ తీసుకుంటుంది. ఎంట్రన్స్‌లో కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ బాగా వస్తే చాలావరకు గట్టెక్కినట్టే. మైనర్ మ్యాథ్స్‌ని అశ్రద్ధ చేయొద్దని అమ్మాయికి చెప్పండి. నెదర్లాండ్స్‌కి చెందిన యాన్ టిన్బెర్గెన్ 1929లో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, 1969లో ఎకనామిక్స్‌కి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్‌ని పంచుకున్నాడు. ఈసారి చర్చకు వచ్చినప్పుడు బావమరిదిగారికి వినిపించండి.

అమ్మాయి మనసు ఎటుందో తెలియాలంటే ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. 20 వాట్ల చిన్న ప్యానెల్, ఒక మల్టీమీటర్, థర్మామీటర్ కొనివ్వండి. ఏమీ కనెక్ట్ చేయకుండా ప్యానెల్ వోల్టేజీని, దాని వేడిని పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి రాసుకోమనండి. పొద్దున 21 వోల్టులు చూపించిన మీటరు, ఎండకి ప్యానెల్ మండిపోతున్నప్పుడు 19 చూపించొచ్చు. వెలుగు పెరిగితే వోల్టేజీ తగ్గడమేమిటని పుస్తకాలు తిరగేసిందా, రీసెర్చ్ మనిషి. థర్మామీటర్ సరిగా అంటుకుందా, మీటరు సరైనదేనా అని మళ్లీ మళ్లీ కొలిచిందా, టెస్టింగ్‌లో రాణిస్తుంది. ‘ఇలాగైతే ప్యానెల్ పెట్టినవాళ్లకి ఏడాదికి ఎంత నష్టం?’ అని లెక్క వేసిందా, మీ బావమరిది గెలిచినట్టే. రెండు వారాలకే విసుగొచ్చి వదిలేస్తే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం కూడా మంచిదే.

డబ్బు విషయం దాచను. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ. 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. పిల్ల ఖర్చు పిల్ల చూసుకుంటుంది, ఇంటికి పెద్దగా పంపడం కుదరదు. మీకు అప్పులేమైనా ఉండి ఎమ్మెస్సీ అవగానే జీతం తప్పనిసరైతే, నా సలహా మారుతుంది. అప్పుడు ఎమ్మెస్సీతో ఆపి క్వాలిటీ ల్యాబ్‌లో చేరడం మేలు. పెళ్లి టెన్షన్ గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ఇప్పుడు చేయాల్సింది రెండే. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ పాత పేపర్లు ఈ ఏడాదే మొదలుపెట్టాలి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయాలి. దానికి లెక్చరర్ల సిఫార్సు లేఖ కావాలి కాబట్టి, ఆ మాట వాళ్ల చెవిన ముందే వేసి ఉంచమనండి.