గినీ పిగ్‌లకు రోజూ స్నానం చేయించవచ్చా?

సందేహం: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి మండలం. రెండు గేదెలు, ఒక ఆవు ఉన్నాయి. పిల్లలు మారాం చేస్తే ఉగాదికి నాలుగు గినీ పిగ్‌లు (ఎలుక జాతి చిన్న పెంపుడు జంతువులు) కొన్నాం. రెండు మగవి, రెండు ఆడవి. ఒక మగదానికి బొచ్చు బాగా పొడవు. ఎండలు ముదిరాక గేదెలను కడిగేటప్పుడే వీటికీ రోజూ సబ్బుతో స్నానం చేయించి, చివర్లో వేపాకు కాచిన నీళ్లు పోస్తున్నాం. 20 రోజులుగా రెండింటికి మెడ మీద, వీపు మీద బొచ్చు ఊడి పొక్కులు కట్టాయి. ఒకటే గోక్కుంటున్నాయి. పొడవు బొచ్చు మగదానికి వెనక భాగంలో నల్లగా జిడ్డు పేరుకుంది. గోళ్లు వంకర తిరిగాయి. మేతగా నేపియర్ గడ్డి, తవుడు పెడుతున్నాం. కింద ఊక పోశాం. గేదెల గోమార్లకు వాడే మందు ఇంట్లో ఉంది, పలుచగా కలిపి రాయవచ్చా? ఏ షాంపూ వాడాలి? ఎన్నాళ్లకోసారి స్నానం చేయించాలి?
– ఓ పాడి రైతు

సలహా: ముందు గోమార్ల మందు సంగతి. ఎంత పలుచన చేసినా వద్దు. డెల్టామెత్రిన్, అమిట్రాజ్ లాంటి మందుల మోతాదు వందల కిలోల పశువును దృష్టిలో పెట్టుకుని చెప్పింది. మీ గినీ పిగ్ బరువు కిలోకు అటూ ఇటూ. పైగా అది రోజంతా తన ఒళ్లు తాను నాక్కుంటుంది, పక్కదాని ఒళ్లూ నాకుతుంది. బొచ్చు మీద రాసిన మందు గంటలో కడుపులోకి చేరుతుంది. గేదెలకు మందు పట్టించిన చేతులతో, అదే గుడ్డతో వీటిని ముట్టుకోకండి.

రెండోది, ఈ రోజు నుంచే స్నానాలు ఆపేయండి. గేదెకు చెమట గ్రంథులు తక్కువ, బొచ్చు పలుచన. నీళ్లలో పడుకుంటే దాని ఒంటి వేడి దిగుతుంది. గినీ పిగ్ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చల్లని నేల నుంచి వచ్చిన జీవి. దాని బొచ్చు ఒత్తుగా ఉంటుంది. మన తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పైబొచ్చు ఆరినట్టు కనిపించినా, కుదుళ్ల దగ్గర చర్మం గంటల తరబడి చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మలో బూజు జాతి తెగుళ్లు పెరుగుతాయి. రోజూ సబ్బు పెడితే చర్మానికి ఉండే సహజమైన నూనె పోయి, పొట్టు లేచి, దురద మొదలవుతుంది. తడి ఒంటి మీద ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే మే నెలలో కూడా చలి పట్టి న్యుమోనియాకు దారి తీయవచ్చు.

వేడి నుంచి కాపాడాలన్న మీ ఆలోచన సరైనదే. గది వేడి 28 డిగ్రీలు దాటితే వీటికి ఇబ్బంది మొదలవుతుంది, తేమ తోడైతే ఇంకా ముందే. బోను ఇంట్లో నేల మీద, గాలి ఆడే చోట పెట్టండి. కిటికీకి తడి గోనెపట్టా కట్టండి. బోనులో ఒక పక్కన టైల్ ముక్క, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి గుడ్డ చుట్టిన నీళ్ల సీసా పెడితే, కావలసినప్పుడు వచ్చి ఆనుకుని పడుకుంటాయి. ఫ్యాన్ గోడ వైపు తిప్పి పెట్టండి. ఎప్పుడైనా ఒకటి కాళ్లు చాపి పడిపోయి, నోటి వెంట చొంగ కారుస్తూ ఎగశ్వాస పీలుస్తుంటే వడదెబ్బ తగిలినట్టే. అప్పుడు చెవులకు, పాదాలకు మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ అద్దుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐసు నీళ్లలో ముంచితే ప్రాణం మీదకు వస్తుంది.

ఇక బొచ్చు ఊడటం. సబ్బు వల్ల చర్మం ఎండిపోయిందన్నది నిజమే గాని, రెండింటికి ఒకేసారి మెడ మీద, వీపు మీద పొక్కులు, ఆగని గోకుడు అన్నారు కాబట్టి గజ్జి పురుగు అని గట్టి అనుమానం. గినీ పిగ్‌లకు పట్టే ఈ పురుగు పేరు ట్రిక్సాకారస్ కేవియే. కంటికి కనిపించదు. చర్మంలో సొరంగాలు తవ్వుకుని ఉంటుంది కాబట్టి వేపాకు నీళ్లు గాని, సబ్బు గాని దాని దాకా చేరవు. ముదిరితే చర్మం మందంగా, పసుపు పచ్చగా పక్కులు కడుతుంది. ఆ చోట చెయ్యి వేసి రుద్దితే దురద తట్టుకోలేక జంతువు మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటుంది. స్నానం పేరుతో రుద్దడం ఎంత హాని చేస్తుందో దీన్నిబట్టి చూడండి. పశువైద్యులు దీనికి ఐవర్‌మెక్టిన్ ఇస్తారు. కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మి.గ్రా. చొప్పున, 7 నుంచి 14 రోజుల తేడాతో రెండు మూడు సార్లు ఇవ్వాలి. పురుగు గుడ్ల మీద మందు పని చేయదు, అవి పిల్లలయ్యాక మళ్లీ మందు ఇవ్వాలి. పశువుల ఇంజెక్షన్‌లో ఒక మి.లీ.లో 10 మి.గ్రా. మందు ఉంటుంది. 900 గ్రాముల జంతువుకు 0.4 మి.గ్రా. లెక్కన చూసినా పట్టేది 0.036 మి.లీ. మాత్రమే. ఇన్సులిన్ సిరంజిలో నాలుగు గీతలు కూడా నిండదు. గేదెకు వేసే సిరంజితో ఇంట్లో వేస్తే ఎన్ని రెట్లు పడుతుందో మీకే అర్థమవుతుంది. లక్షణాలు రెండింటికే ఉన్నా, కలిసి తిరుగుతున్నాయి కాబట్టి వైద్యం నాలుగింటికీ చేయించాలి.

పేలు అయితే ఇంట్లోనే కనిపెట్టవచ్చు. నల్ల గుడ్డ పరిచి, దాని మీద జంతువును పెట్టి, పేల దువ్వెనతో చెవుల వెనక, వెనక భాగంలో దువ్వండి. తెల్లటి సన్నని నూలు ముక్కల్లాంటివి ఒకటి రెండు మి.మీ. పొడవున కదులుతుంటే అవి పేలు. ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ గుండ్రంగా బొచ్చు పోయి పొట్టు లేస్తుంటే తామర అనుకోవాలి. ఇది మనుషులకూ అంటుతుంది. మీ పిల్లల చేతుల మీద, మెడ మీద గుండ్రని మచ్చలు ఉన్నాయేమో ఈ రోజే చూడండి. తేలే వరకు పెద్దవాళ్లే చేతి తొడుగులు వేసుకుని పట్టుకోవాలి, వీటి తువ్వాలు వేరుగా ఉంచాలి.

మీ మేతలో ఒక పెద్ద లోటు ఉంది. మనలాగే గినీ పిగ్‌కి కూడా శరీరంలో సి విటమిన్ తయారు కాదు. ఆవు, గేదె తమంతట తామే తయారు చేసుకుంటాయి కాబట్టి పాడి రైతుకు ఈ విషయం తట్టదు. పెద్ద జంతువుకు కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. దాకా, చూడిదానికి, జబ్బు చేసినదానికి 30 మి.గ్రా. దాకా కావాలి. ఇది అందకపోతే బొచ్చు గరుకెక్కి ఊడుతుంది, కీళ్లు వాస్తాయి, పుళ్లు మానవు, గజ్జి కూడా ఇలాంటి బలహీనమైనవాటికే ఎక్కువగా తిరగబెడుతుంది. 100 గ్రాముల జామపండులో సుమారు 200 మి.గ్రా. ఉంటుంది. అంటే ఒక్కొక్కదానికి రోజుకు 15 గ్రాముల ముక్క, బొటనవేలంత, చాలు. పచ్చ క్యాప్సికం ముక్క, కొత్తిమీర కట్టలో నాలుగు రెమ్మలు కూడా పనికొస్తాయి. మునగాకులో సి విటమిన్ బాగానే ఉన్నా కాల్షియం మరీ ఎక్కువ, మూత్రాశయంలో రాళ్లు కడతాయి. వారానికి ఒకసారి నాలుగు ఆకులు మించకండి. వరి కోతల తర్వాత మీ దగ్గర పండే పిల్లిపెసరకూ ఇదే మాట. విటమిన్ చుక్కలు తాగే నీళ్లలో కలపకండి, వెలుతురు తగిలితే కొద్ది గంటల్లోనే బలం పోతుంది. తవుడు మానేయండి. గరిక, నేపియర్ లేత ఆకులు, ఎండు గడ్డి ఎప్పుడూ ముందుండాలి. జంతువు మురికి కావడానికి సగం కారణం మేతే. పీచు తక్కువైతే పెంట మెత్తబడి వెనక భాగంలో అంటుకుంటుంది.

మిగతా సగం కింద పోసే పడక. ఊక కోళ్ల షెడ్డుకు బాగుంటుంది గాని, దాని మొనలు మగవాటి మర్మాంగం తొడుగులో ఇరుక్కుంటాయి, దుమ్ముకు తుమ్ములు వస్తాయి. పాత నూలు దుప్పటి మడతలు వేసి, కింద వార్తాపత్రిక పరవండి. తడిసిన చోటు రోజూ మార్చి, వారానికి రెండుసార్లు మొత్తం తీసి మరిగే నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఇనుప జాలీ మీద మాత్రం ఉంచకండి, అరికాళ్లు పగిలి చీము పడతాయి.

మేత, పడక సరిగా ఉంటే పొట్టి బొచ్చు గినీ పిగ్‌కి స్నానం ఏడాదికి ఒకటి రెండుసార్లు అవసరపడినా ఎక్కువే. దానికి వారానికి ఒకసారి మెత్తటి బ్రష్ చాలు. పొడవు బొచ్చుదానికి రోజూ దువ్వెన కావాలి. చిక్కు పడిన చోట కుదురు దగ్గర రెండు వేళ్లతో బొచ్చును గట్టిగా పట్టుకుని, కొసల నుంచి కొంచెం కొంచెంగా పైకి దువ్వుకుంటూ రావాలి. అలా పట్టుకుంటే లాగుడు చర్మానికి తగలదు. విడిపోని ఉండలను నీళ్లతో తడపకండి, ఇంకా బిగుస్తాయి. మొన లేని కత్తెరతో, చర్మానికి బొచ్చుకు మధ్య దువ్వెన అడ్డం పెట్టి కత్తిరించండి. నా మాట వింటే వెనక భాగంలో నేలకు తగిలే బొచ్చును రెండు సెం.మీ. ఉంచి కత్తిరించేయండి. స్నానం అవసరం సగానికి సగం తగ్గుతుంది. అందం కాస్త తగ్గినా జంతువుకు సుఖం.

గజ్జి నయమయ్యాక పొడవు బొచ్చుదానికి నెలన్నరకో రెండు నెలలకో ఒక స్నానం చేయించవచ్చు. పొద్దెక్కాక, ఫ్యాన్ ఆపి చేయించండి. వెడల్పాటి బేసిన్‌లో అడుగున గుడ్డ పరవండి, కాళ్లు జారితేనే ఇవి బెదిరిపోతాయి. నాలుగైదు సెం.మీ. లోతున గోరువెచ్చని నీళ్లు, మోచేయి పెట్టి చూస్తే వేడీ చల్లనా తెలియనంతగా, అంటే 37, 38 డిగ్రీలు ఉండాలి. షాంపూ అంటే పేలమందు కలవని, పిల్లిపిల్లలకు వాడేది నాలుగు చుక్కలు మగ్గు నీళ్లలో కలపండి. కుంకుడురసం కళ్లు మండిస్తుంది, సున్నిపిండి బొచ్చులో ఉండిపోతుంది, బట్టల సబ్బు, గిన్నెల సబ్బు అసలు వద్దు. అరచేత్తో మెడ కింద నుంచి వెనకకు పోయండి. తల మీద, చెవుల్లో నీళ్లు పడకూడదు. ముఖానికి తడిగుడ్డ చాలు. జిగురు పోయే దాకా రెండు మూడు సార్లు కడగండి. మొత్తం ఐదు నిమిషాల్లో అయిపోవాలి. తర్వాత ఒక తువ్వాలుతో అద్ది, అది తడవగానే రెండోది తీసుకోండి. పొట్ట కింద వేళ్లు పెట్టి చూసి, కుదుళ్ల దాకా పొడిగా ఉంటేనే బోనులో వదలండి. మీ రెండు ఆడవి మగవాటితోనే ఉన్నాయి కాబట్టి ఇప్పటికే చూడితో ఉండి ఉంటాయి. చూడి కాలం 59 నుంచి 72 రోజులు. వాటికి ఈనే వరకు స్నానం వద్దు, ఎత్తి దించడం కూడా తగ్గించండి. రెండు మగవాటిలో ఒకదానికే స్నానం చేయిస్తే వాసన మారి రెండోది మీద పడి కొరుకుతుంది, కాసేపు గమనించండి.

మీ మగదానికి పేరుకున్న నల్లటి జిడ్డు జబ్బు కాదు. తోక ఉండాల్సిన చోట ఉండే గ్రంథి నుంచి ఊరే మైనం అది. మగవాటిలో ఎక్కువ. దాన్ని గోరుతో గీకితే కింద చర్మం లేచి పుండు పడుతుంది. అర చెంచా కొబ్బరినూనె దూదితో ఆ చోట పట్టించి, ఐదు నిమిషాలు ఆగి, మెత్తగా తుడవండి. మిగిలిన నూనెను ఆ భాగం వరకే ఒక చుక్క షాంపూతో కడిగి ఆరబెట్టండి. నెలకోసారి ఇలా చేస్తే గడ్డ కట్టదు. మగవి వయసు మీరాక మలద్వారం పక్కనున్న సంచిలో మెత్తటి పెంట ఇరుక్కుంటుంది, దాన్నీ నూనె దూదితోనే మెల్లగా తీయాలి.

గోళ్లు ముందు కాలికి నాలుగు, వెనక కాలికి మూడు, అన్నీ కలిపి 14. మూడు నాలుగు వారాలకోసారి కత్తిరించాలి. ఒకరు నేల మీద కూర్చుని, వెనక భాగం కింద చెయ్యి ఆనించి ఒళ్లో పట్టుకోవాలి. నిలబడి పట్టుకుంటే ఎగిరి దూకి వెన్ను విరుగుతుంది. తెల్ల గోరులో గులాబీ రంగు నెత్తురు గీత కనిపిస్తుంది, దానికి రెండు మి.మీ. ముందే ఆగండి. నల్ల గోరైతే కింద నుంచి ఫోన్ లైటు వేస్తే నీడ తెలుస్తుంది. మీవి వంకర తిరిగాయన్నారు. గోరు పెరిగినప్పుడు లోపలి నెత్తురు గీత కూడా పొడుగవుతుంది కాబట్టి ఒక్కసారే పొట్టిగా చేయవద్దు, పది రోజులకు కొంచెం చొప్పున తగ్గించండి. నెత్తురు వస్తే పటిక పొడి గాని మొక్కజొన్న పిండి గాని అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టండి.

వానలు పడ్డాక రోజూ రెండుసార్లు వెనక భాగం ఎత్తి చూడాలి. మూత్రంతో తడిసిన బొచ్చులో ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగు పడుతుంది. పశువుల పుళ్లకు వాడే టర్పెంటైన్ నూనె వేయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాగే మందుల షాపులో అడిగి అమాక్సిసిల్లిన్, ఆంపిసిల్లిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు నోట్లో పోయకండి. మేలు చేసే పేగు సూక్ష్మజీవులు చచ్చి, హానికరమైనవి పెరిగి కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది.

మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే కాబట్టి నాలుగింటినీ ఈ వారమే చూపించండి. వంటింటి తూకంలో ఒక్కొక్కదాని బరువు తూచి కాగితం మీద రాసి తీసుకెళ్లండి, మందు మోతాదు దాని మీదే ఆధారపడుతుంది. గాలి ఆడే బుట్టలో గడ్డి వేసి, ఉదయం చల్లబాటు వేళ బయలుదేరండి. దారిలో మేత మానకూడదు. వెళ్లే ముందు శుభ్రంగా కనిపించాలని స్నానం చేయించడం, పొక్కుల మీద నూనె రాయడం చేయకండి. డాక్టరు గారు ఆ పొక్కు అంచును గీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తేనే అది గజ్జి పురుగా, తామరా అన్నది తేలుతుంది.