రంపం పట్టిన చేతులతో రేవు దాకా: డేవిడ్ డేవిస్

విక్టోరియా రాణి కాలంలో బొగ్గు గనుల యజమానులై పార్లమెంటుకు వెళ్లినవాళ్లలో నిజంగా కింది నుంచి వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని ఒకరు అడిగారు. ఉన్నారు. వేల్స్‌లోని బారీలో ఐదేళ్లుగా ఉంటున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్తూ, అలా కింది నుంచి వచ్చిన డేవిడ్ డేవిస్ కంచు విగ్రహం చూస్తాను. చేతుల్లో రేవు ప్లాను విప్పుకుని, తల వంచి దాన్నే చూస్తుంటాడు.

1818లో లాండినాం అనే పల్లెలో కౌలు రైతు ఇంట్లో పుట్టాడు. పదకొండేళ్లకే బడి మానేసి తండ్రితో కలిసి దుంగలు కోశాడు. గుంట మీద దుంగ పెట్టి, పైన ఒకరు, గుంటలో ఒకరు నిలబడి పెద్ద రంపం లాగేవారు. రంపపు పొట్టంతా కిందివాడి నెత్తిన పడేది. డేవిస్ పైన నిలబడేవాడు. అందుకే 'టాప్ సాయర్' అనే పేరు జీవితాంతం ఉండిపోయింది. తర్వాత రైల్వే కాంట్రాక్టర్ అయ్యాడు. టాలెర్దిగ్ దగ్గర దాదాపు 120 అడుగుల లోతున కొండను కోసి రైలు దారి వేయించాడు.

నన్ను బాగా కదిలించింది మాత్రం దక్షిణ వేల్స్‌లోని రోండా లోయలో జరిగిన సంగతి. 1864లో అక్కడ భూమి లీజుకు తీసుకుని తవ్వకం మొదలుపెట్టాడు. నెలలు గడిచినా బొగ్గు తగల్లేదు, డబ్బు అయిపోయింది. ఇక కూలి ఇవ్వలేనని పనివాళ్లకు చెప్పేశాడు. జేబులో ఒక్క అర క్రౌన్ నాణెమే మిగిలిందంటే, "అదీ ఇచ్చెయ్" అని ఎవరో అరిచారట, దాన్నీ వాళ్లకే విసిరేశాడట. అయినా ఆ మనుషులు ఇంకో వారం ఊరికే పనిచేస్తామన్నారు. 1866 మార్చిలో, 660 అడుగుల లోతులో బొగ్గు తగిలింది. ఇక్కడివాళ్లు ఇప్పటికీ ఈ కథ చెప్పుకుంటారు.

మా నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లు బాయి పని చేశారు. ఫోన్లో ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. "కూలి లేకుండ బాయిల దిగుడంటే మాటలా బిడ్డా" అన్నారు. ఆయన మాట విన్నాక నాకు ఆ బొగ్గుతో డేవిస్‌కు వచ్చిన సంపదకు పునాది అతని తెగువ కన్నా ఆ వారం రోజుల పనే అనిపించింది.

రాజకీయాల్లో 1865లో ఓడిపోయి, 1874లో లిబరల్ ఎంపీగా గెలిచాడు. ఐర్లాండ్ స్వపరిపాలన విషయంలో తన పార్టీ నాయకుడు గ్లాడ్‌స్టన్‌నే వ్యతిరేకించి, 1886లో కేవలం తొమ్మిది ఓట్లతో ఓడాడు. నాకైతే ఆయన పార్లమెంటు జీవితం కన్నా బారీ రేవే పెద్ద పనిగా కనిపిస్తుంది. అప్పట్లో రోండా బొగ్గంతా బ్యూట్ ప్రభువు చేతిలో ఉన్న కార్డిఫ్ రేవు మీదే ఆధారపడేది. అక్కడ రద్దీకి ఓడలు రోజుల తరబడి ఆగిపోయేవి. డేవిస్, మిగతా గని యజమానులు కలిసి సొంత రేవు కోసం పార్లమెంటులో బిల్లు పెట్టారు. 1883లో తిరస్కరించారు, మరుసటి ఏడాది ఒప్పుకున్నారు. 1889 జూలై 18న రేవు తెరిచారు. ఏడాది తిరిగేసరికి, 1890 జూలై 20న, డేవిస్ చనిపోయాడు. 1913 నాటికి ఆ రేవు నుంచి ఏటా కోటి టన్నులకు పైగా బొగ్గు ఎగుమతయ్యేది.

ఇటు వస్తే రేవు ఆఫీసు ముందున్న విగ్రహం దగ్గర ఆగండి. అచ్చం ఇలాంటిదే లాండినాంలో ఆయన ఊరి వంతెన దగ్గరా ఉంది. వచ్చే వేసవిలో నాన్నను తీసుకొచ్చి రెండూ చూపిస్తాను, రోండా లోయ కూడా.